మూడు నాలుగైన ముచ్చట

“ఏవండోయ్, పిల్లకి ఫీడింగ్ అవ్వట్లేదట!”

పోయిన వారం అమ్మాజీ గారిని మనం అల్వాల్‌లో, టెలిఫోను చెవిన పెట్టుకుని నోరు తెరిచి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ నోరు వారం రోజులుగా తెరిచే ఉంది. అల్వాల్ దోమలకి అసలే మొహమాటం తక్కువ. కనుక ముందు ఆవిడ నోరు మూయించి, తరవాత కథ తెరుద్దాం.

జరిగిందేమిటంటే, మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉన్న షూటింగ్ రేంజి దగ్గర కోచ్ మన్నాన్ సాబ్ కాయిన్ బాక్సులో రూపాయి వేసి, “పిస్టల్‌కి ఫీడింగ్ అయితలేదు చెల్లెమ్మా, ఇంట్ల ఉన్న మేగజైన్ జల్దీ పంపుండ్రి” అన్నాడు. సరిగ్గా ‘పిస్టల్’ దగ్గరికి వచ్చేసరికి కరీంనగర్ లారీ ఒకటి హారను కొట్టుకుంటూ ఆ మాట మీదుగా పోయింది. లారీ కింద పడ్డ పిస్టల్ అమ్మాజీ గారి చెవిలో పిల్లగా లేచింది. ఆ పిల్ల ఆవిడ ఏకైక కూతురు సహస్ర. ఇంటర్ చదువుతోంది. రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ ఇవాళే. అలాంటి రోజున పిల్లకి తిండి ఎక్కట్లేదంటే ఏ తల్లి ఊరుకుంటుంది? నాలుగు గిన్నెల క్యారియరు, పెరుగు డబ్బా, అరటిపళ్ళు, మేగజైన్ కూడా అడిగారు కదా అని మూడు పాత వారపత్రికలు సంచిలో పెట్టుకుని, భర్త జానకిరామయ్య గారి స్కూటరు వెనక ఎక్కారు.

రేంజిలో దిగీ దిగగానే ఆవిడ క్యారియరు విప్పారు. పులిహోర వాసనకి తుపాకీమందు వాసన తలొంచుకుంది.

“గిదేంది చెల్లెమ్మా?” అన్నాడు మన్నాన్ సాబ్.

“పిల్లకి తిండి ఎక్కట్లేదన్నారుగా అన్నయ్యగారూ!”

“పిల్లకు గాదమ్మా. పిస్టల్‌కు!”

“అయ్యో రామ, దానికేం పెడతారండీ?”

“తూటాలు.”

“మరి ఈ వారపత్రికలో?”

మన్నాన్ సాబ్ కూతురు జోయా పడీ పడీ నవ్వింది. ఎవరేం చెప్పినా నవ్వే పిల్ల జోయా. సహస్రకి ప్రాణస్నేహితురాలు, పోటీలో ప్రత్యర్థి కూడా. కానీ సహస్ర నవ్వలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చుని తన బూట్ల వైపు చూసుకుంటోంది. తల్లి అది గమనించింది. పిస్టలు పస్తుంటే కోచ్‌కి బెంగ గానీ, పిల్ల పస్తున్నట్టు మొహం వేలాడేసుకుందేం?

అందుకు కారణం తెలియాలంటే పిస్టల్ మేగజైన్ అంటే ఏమిటో తెలియాలి. పిడిలోకి దూర్చే చిన్న రేకు డబ్బీ అది. లోపల తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అడుగున స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. పైన రెండు రేకు అంచులు తూటాని పట్టుకుని, వదలాల్సిన క్షణంలోనే వదులుతాయి. ఆ అంచుల్ని పెదవులంటారు. వారం వారం వచ్చే సీరియల్లాంటిదే ఈ మేగజైన్ కూడా. ఒక్కసారికి ఒక్కటే బయటికి రావాలి, వెనకది తయారుగా ఉండాలి, ఏదీ మధ్యలో ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే దాన్ని జామ్ అంటారు. అల్వాల్ రైల్వే గేటు దగ్గర మనం రోజూ చూసేదే. పోటీలో మొదటి జామ్‌ని మన్నిస్తారు. రెండోదానికి మన్నింపు లేదు, మార్కులూ లేవు.

క్లబ్బుకి ఉన్నది ఒకటే పిస్టల్. జోయా మొదటి విడతలో కాల్చాక, సహస్ర రెండో విడతలో అదే పిస్టల్‌తో కాల్చాలి. దానికి మేగజైన్లు నాలుగుండేవి. ఒకటీ రెండూ స్ప్రింగులు చచ్చి తుక్కులోకి వెళ్ళాయి. మిగిలినవి మూడూ నాలుగూ. రెంటి మీదా మన్నాన్ సాబ్ ఎర్రరంగుతో నంబర్లు వేసి పెట్టుకున్నాడు. జామ్ అయినప్పుడల్లా తప్పు ఏ డబ్బీదో పట్టుకోవాలంటే నంబరు ఉండాలి. అలా పట్టుకునే, మూడో నంబరు పెదవులు వదులయ్యాయనీ అది సాధనకే గానీ పోటీకి పనికిరాదనీ ఎప్పుడో తేల్చేశాడు. నాలుగో నంబరే నమ్మకస్తురాలు. పిస్టల్ క్లబ్బు బీరువా దాటదు. మేగజైన్లు మాత్రం తుడిచి తెమ్మని అమ్మాయిల చేతికిచ్చి ఇంటికి పంపుతాడు. ఈ వారం వంతు సహస్రది.

ఇవాళ పొద్దున పరీక్షకి కాలిస్తే నాలుగో నంబరు మొండికేసింది. మొదటి తూటా వెళ్ళింది. రెండోది ముక్కు పైకెత్తుకుని గొట్టం అంచుకి గుద్దుకుని నిలబడిపోయింది, పెళ్ళిలో అలిగిన బావగారిలాగ. మన్నాన్ సాబ్ కంగారు పడలేదు. ‘ఒక్కసారికి ఒక్కటే మార్చాలె’ అన్నది ఆయన పద్ధతి. తూటాల పెట్టె మార్చాడు, జామ్. తూటా జారే వాలు తుడిచాడు, జామ్. చేతి పట్టులో తేడా ఏమోనని సహస్ర చేతిలోంచి జోయా చేతికి మార్చాడు, జామ్. జామ్ మీద జామ్, రొట్టె ఒక్కటే తక్కువ. చివరికి డబ్బీని ఎండకి పెట్టి చూశాడు. పెదవులు విచ్చుకుని ఉన్నాయి.

మన్నాన్ సాబ్ శిక్షణలో చట్టం ఒక్కటే. మేగజైన్ చెయ్యి జారి కింద పడితే, పడిందని చెప్పాలి. తిట్టడు, అరవడు, ‘మంచిది బిడ్డా, చెప్పినవ్’ అని తనే సరిచేస్తాడు. దాచిపెట్టిన వాళ్ళకి మాత్రం మళ్ళీ పిస్టల్ ఇవ్వడు.

“నిజం చెప్పు బిడ్డా,” అని అడిగాడు అప్పుడే, అందరి ముందూ కాదు, పక్కకి పిలిచి. “కింద పడేసినవా?”

“లేదు సార్.”

“మొన్నటిదాంక వెన్న లెక్క నడ్సింది. నువ్వే తీస్కపోయినవ్, నువ్వే తెచ్చినవ్. దానంతట అదే నోరు తెరుస్తదా?”

“ఒట్టు సార్. పడెయ్యలేదు.”

“అబ్బా!” అంది వెనకే వచ్చిన జోయా. ఈ పిల్ల ‘అబ్బా’ అంటే నాన్నని పిలిచిందో, విసుక్కుందో తెలుసుకోవడం కష్టం. ఈసారి రెండూను. “అది అబద్ధం జెప్పదు. నాకు తెల్వదా?”

“నాకు గుడ తెల్సు అనే అనుకున్న,” అన్నాడు మన్నాన్ సాబ్ నెమ్మదిగా. ఆ నెమ్మదే సహస్రకి ఎక్కువ తగిలింది. “రెండో విడత పిలిచేదాంక టైమున్నది బిడ్డా. సోంచాయించుకో. చెప్తే పిస్టల్ నీదే. చెప్పకుంటే ఇయ్యాల నువ్వు కాల్సవు.”

అదీ సంగతి. పడెయ్యలేదని చెబితే నమ్మరు. పడేశానని చెబితే పిస్టల్ ఇస్తారు, కానీ అది అబద్ధం. గురి నేర్పిన గురువు దగ్గర గురి పోయాక, ఏ లక్ష్యానికి గురిపెట్టి ఏం లాభం?

ఆ మబ్బు కిందికి మన జానకిరామయ్య గారు ఎండలా ప్రవేశించారు. బ్యాంకులో ఆఫీసరు. పగలంతా జనం డబ్బు లెక్కపెట్టి, సాయంత్రాలు జనం జాతకాలు లెక్కపెడతారు. ఈ మధ్యే ఆయనకి సంఖ్యాశాస్త్రం పట్టింది. అమ్మాజీ గారు దాన్ని శంకాశాస్త్రం అంటారు. ఆయన చొక్కా జేబులోంచి ఒక మేగజైన్ తీసి, కర్పూరహారతి పళ్ళెంలాగ రెండు చేతులా పట్టుకున్నారు.

“ఇదిగోండి మూడో నంబరు! పొద్దున అమ్మాయి మర్చిపోయి ఇంట్లో వదిలేసింది. దేవుడే మీచేత ఫోను చేయించాడు.”

“మర్సిపోలేదు సార్, నేనే తేవద్దన్న. గిది ఖరాబైన మాల్. నాల్గు పెదవులు నొక్కి, దీన్ల స్ప్రింగు దానికేద్దామని తెప్పించిన, గంతే.”

“నాలుగా! అదేనండీ అసలు పితలాటకం. నాలుగు రాహువు అంకె. మా అమ్మాయి పుట్టింది ఇరవై ఒకటి. రెండూ ఒకటీ మూడు. మూడంటే ఎవరు? గురువు!”

“గురువంటే నేను గాదు?”

“మీరు నేల మీది గురువు మన్నాన్ గారూ. నేను చెప్పేది పైన ఉన్నాయన. ఒక్కసారి ఈ మూడుతో కాల్చి చూడండి. పోయేదేముంది?”

“దీని పెదవులు నేను చూసిన సార్, నేనే చూసిన,” అంటూనే, ఈయన నోరు మూయించడానికి అదే దగ్గరి దారి అనిపించి, మన్నాన్ సాబ్ అయిదు తూటాలు నింపి చివరి గట్టు దగ్గరికి నడిచాడు.

అయిదు చప్పుళ్ళు. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడబాటు లేకుండా.

ఆయన మేగజైన్ బయటికి తీసి, అది అబద్ధమాడినట్టు దానికేసి చూశాడు. మళ్ళీ నింపి జోయాకి ఇచ్చాడు. మళ్ళీ అయిదూ. నాలుగో నంబరు పెట్టి చూశాడు. రెండో తూటా ముక్కు పైకెత్తింది.

“చూశారా!” అన్నారు జానకిరామయ్య గారు. చూడనివాళ్ళు మేడ్చల్ దాకా ఎవరైనా ఉంటే వాళ్ళకీ వినిపించేటట్టు అన్నారు. “ఇనుము ఇనుమేనండీ. నంబరే ప్రాణం!”

పోటీకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు చుట్టూ చేరారు. గంట క్రితం వాళ్ళు మన్నాన్ సాబ్ చుట్టూ ఉన్నవాళ్ళే.

“మావాడు పుట్టింది పదిహేడండీ,” అన్నాడు బహదూర్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన.

“ఒకటీ ఏడూ ఎనిమిది. శని. కాసేపు నీడలో కూర్చోబెట్టండి.”

ఆఖరికి రేంజి అధికారి జనార్ధన్ కూడా మెడలో ఈల సవరించుకుంటూ వచ్చాడు. “సార్, నాది ముప్పై ఒకటి.”

“మూడూ ఒకటీ నాలుగు! అయ్యయ్యో. మీరు తుపాకులకి దూరంగా ఉండాలి.”

“నా నౌకరే తుపాకుల కాడ గద సార్!”

మన్నాన్ సాబ్ ఈ గుంపుకి దూరంగా, తడికె నీడలో కూర్చున్నాడు. పనిముట్ల డబ్బా మూత పెట్టేశాడు. “జోయా,” అన్నాడు. “ముప్పై ఏండ్ల సంది స్ప్రింగులు జూసిన, పెదవులు జూసిన. పాగల్‌గాన్ని. నంబర్లు జూడాల్సి ఉండె.”

“అబ్బా, గట్ల అనకు!” అంది జోయా. ఈసారి నవ్వలేదు.

ఆ మాట సహస్ర విన్నది. తన మీద నమ్మకం పోవడం ఒక ఎత్తు. తన మీద తనకే నమ్మకం పోయిన మన్నాన్ సాబ్‌ని చూడటం ఇంకో ఎత్తు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంగతంతా జోయా నోట విన్న అమ్మాజీ గారు అది చూసి, పులిహోర ముద్ద చేత్తో పట్టుకుని పక్కన కూర్చున్నారు.

“పడేశావా అమ్మా? పడేస్తే మాత్రం ఏమయింది, చెప్పెయ్యి.”

“నువ్వూ అదే అడుగుతావేమిటే అమ్మా! పడెయ్యలేదు. ఉత్త గుడ్డతో తుడిచి అలమరలో పెట్టాను. పొద్దున నాలుగు తీసుకున్నాను, మూడు వదిలేశాను. అంతే.”

“ఏదీ, ఆ మాయదారి డబ్బీలు రెండూ ఇటు పట్రా. నేనూ చూస్తాను.”

సహస్ర రెంటినీ తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది. అమ్మాజీ గారికి స్ప్రింగులు తెలియవు. పెదవులంటే లిప్‌స్టిక్ వేసుకునేవే తెలుసు. ఆవిడ మూడుని ఎండకి తిప్పారు. నాలుగుని తిప్పారు. మళ్ళీ మూడు. ఆవిడ కనుబొమ్మలు కలుసుకున్నాయి.

“అన్నయ్యగారూ,” అని పిలిచారు. “తప్పుగా అనుకోకండి. మీరు గోళ్ళ రంగు వాడతారా?”

మన్నాన్ సాబ్ తన చేతి గోళ్ళకేసి చూసుకున్నాడు. గ్రీజు తప్ప ఏమీ లేదు.

“ఏం మాట చెల్లెమ్మా? నాయి గేట్లకేసే పెయింట్. మా పొలం గేటుకేసినంక మిగిలింది.”

“గేటు రంగులో మెరుపు రజను ఉండదు కదండీ. ఇదిగో, ఈ మూడులో ఉంది. ఈ నాలుగులోనూ ఉంది. ఈ రంగు మా ఆడపడుచు కూతురి పెళ్ళికని సికింద్రాబాదులో కొన్నది. ఒక్కసారి పెట్టుకున్నాను. తరవాత చూస్తే సీసా సగం!”

ఆవిడ మెల్లిగా తల తిప్పారు. తడికె నీడలో ఉన్న అందరి తలలూ ఆ దిక్కుకే తిరిగాయి. ఆ దిక్కున జానకిరామయ్య గారు ఎవరిదో పుట్టినతేదీ కూడుతూ, మధ్యలో ఆగిపోయారు. ఆయన కూడిక ఎంత గొప్పదైనా ఇప్పుడు తీసివేత సమయం వచ్చింది.

“ఏవండీ.”

“ఆ.”

“నా గోళ్ళ రంగు.”

“అదీ... అమ్మాయి ప్రతి పోటీకీ ఆ నాలుగే పట్టుకెళుతుంటే మనసొప్పలేదు అమ్మాజీ. నీ ఆ రంగు తుడిచే మందు పెట్టి నాలుగు చెరిపేసి, దాని మీద మూడు వేశాను. మూడూ మూడూ రెండు మూళ్ళయితే మన్నాన్ గారు కంగారు పడతారని, రెండో దాని మీద నాలుగు వేశాను. లెక్క సరిపోయింది కదా!”

 అందరి కన్నా ముందు సహస్ర లేచి నిలబడింది.

“అంటే నాన్నా, ఈ మూడే అసలు నాలుగు! పాడైపోయిన మూడు, నాలుగు నంబరు తగిలించుకుని నాతో వచ్చింది. మంచిదేమో మూడు అనిపించుకుని ఇంట్లో కూర్చుంది. సార్! మీరు చెప్పినట్టే నేను నాలుగే తెచ్చాను సార్! మీరు అన్నట్టే మూడు పెదవులే వదులు సార్!”

మన్నాన్ సాబ్ రెండు డబ్బీలూ లాక్కుని, గోటితో ఒకదాని అంకె గీకాడు. మెరిసే మూడు ఊడి వచ్చింది. దాని అడుగున, తుడిచినా పూర్తిగా పోని గేటు రంగు నాలుగు లీలగా బయటపడింది. ఆయన మొహంలో ముందు గడ్డం నవ్వింది, తరవాత మీసం, ఆఖరున కళ్ళు.

“నేను పాగల్ గాను! జోయా, మీ అబ్బ పాగల్ గాడు!”

“నేను జెప్తనే ఉన్న గద!”

తరవాత ఆయన సహస్ర ముందుకొచ్చి రెండు చెవులూ పట్టుకున్నాడు. “మాఫ్ జెయ్ బిడ్డా. నీ మాట ఇనకుంట నంబరు మాట ఇన్న.”

“సార్, చెవులు వదలండి సార్, అందరూ చూస్తున్నారు!” అంటూ సహస్ర ఏడుస్తూ నవ్వింది. అమ్మాజీ గారు ఆ అదను చూసి ముద్ద నోట్లో పెట్టేశారు. ఫీడింగ్ ప్రాబ్లం తీరింది. జోయా ఇంకో ముద్ద అడిగింది. మన్నాన్ సాబ్ సూదిమొన పనిముట్టు తీసి, ఈసారి ఏ రంగుకీ లొంగకుండా, రేకు మీదే చుక్కలతో నాలుగు గుచ్చాడు. ఆ పైన పిస్టల్‌నీ ఆ మేగజైన్‌నీ విడివిడిగా బల్ల మీద పెట్టి, “ఇగ ఇది మీ ఇద్దరిది” అన్నాడు.

ఇదంతా దగ్గరున్న నలుగురికే తెలిసింది. అవతల, శని పట్టిన పిల్లవాడు ఇంకా నీడలోనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరు తండ్రులు తమ పిల్లల మేగజైన్ల మీది నంబర్లు బ్లేడుతో గీకేస్తున్నారు. జనార్ధన్ అది చూసి పరిగెత్తాడు. తన మైకు తెచ్చి జానకిరామయ్య గారి చేతిలో పెట్టాడు.

“మీరే మొదలువెట్టిన్రు. మీరే ఆపుండ్రి సార్.”

ఆయన గొంతు సవరించుకున్నారు. రేంజంతా చెవులు రిక్కించింది.

“అందరికీ నమస్కారం. నా పేరు జానకిరామయ్య. మైకు టెస్టింగ్, ఒకటి, రెండు... ఆ తరవాతి అంకెలు పలకాలంటే నాకిప్పుడు భయంగా ఉంది. అయ్యా, అమ్మా, ఆ మేగజైన్ పనిచేసింది దాని నంబరు వల్ల కాదు. అది మొదటి నుంచీ మంచిదే. పనిచెయ్యనిది మొదటి నుంచీ చెడ్డదే. ఏది మంచిదో ఏది చెడ్డదో మన్నాన్ గారు ఎప్పుడో తేల్చారు. ఆ తేల్చినదాన్ని నేను మా ఆవిడ గోళ్ళ రంగుతో ముంచాను. మా అమ్మాయి దేన్నీ కింద పడెయ్యలేదు. అబద్ధమాడలేదు. పడేసింది నేను, ఆయన నమ్మకాన్ని. దయచేసి బ్లేళ్ళు లోపల పెట్టండి. ఆ పదిహేడో తేదీ బాబుని ఎండలోకి రమ్మనండి.”

చప్పట్లు మోగాయి. అమ్మాజీ గారు కూడా కొట్టారు, సీసా సంగతి ఇంటికి వెళ్ళాక చూసుకోవచ్చని.

మన్నాన్ సాబ్ నవ్వుతూ ఆయన భుజం తట్టాడు. “మంచి జెప్పిన్రు సాబ్. ఇంకేమన్న మార్చిన్రా? ఉంటే ఒక్కపారే చెప్పుండ్రి.”

హాస్యానికన్న మాటే. కానీ నిజం చెప్పడంలో ఒక ఊపు ఉంటుంది. జానకిరామయ్య గారు ఆ ఊపులో ఉన్నారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

“అంటే... మరీ పెద్దదేం కాదు. ఇవాళ శుక్రవారం కదా. అమ్మాయిల రెండో విడత సరిగ్గా రాహుకాలంలో పడుతోంది. నిన్న జనార్ధన్ గారిని బతిమాలి, వేరే అమ్మాయితో చోటు మార్పించి, మా సహస్రని కూడా మొదటి విడతలోకి...”

“ఇద్దరిది ఒకటే పిస్టలని నాకు చెప్పనే లేదు గద సార్!” అన్నాడు జనార్ధన్. అంటూనే గడియారం చూసుకుని, అలవాటు కొద్దీ ఈల ఊదాడు. అది మొదటి విడత ఈల.

సహస్ర తన స్థానం వైపు ఒక అడుగు వేసింది. జోయా తన స్థానం వైపు ఒక అడుగు వేసింది. ఇద్దరూ ఒక్కసారే ఆగి, వెనక్కి తిరిగి, బల్ల మీదున్న ఒకే ఒక్క పిస్టల్ కేసి చూశారు.